కొడుకు రక్తం తల్లికి ఎక్కించవచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర సముద్రం వైపు ఉన్న పల్లె. మా అత్తయ్యకు 46 ఏళ్లు. గర్భసంచిలో గడ్డలున్నాయి, రెండేళ్లుగా నెలసరిలో రక్తం విపరీతంగా పోతోంది. నెల్లూరులో డాక్టరుగారు ఆపరేషన్ చేయాలన్నారు. పరీక్ష చేస్తే ఒంట్లో రక్తం 6.8 పాయింట్లే ఉంది. ముందు రెండు బాటిళ్లు ఎక్కించాలి, ఇద్దరు దాతలను తెచ్చుకోండి అన్నారు. మా ఆయన ఇస్తానంటే అత్తయ్య ససేమిరా అంటున్నారు. "బిడ్డ రక్తం తాగి బతకమంటారా" అని ఏడుస్తున్నారు. మా మరిది వెళ్తే, నాలుగు నెలల కిందట తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిపించుకున్నాడని వెనక్కి పంపారు. నేను వెళ్తే 10.9 ఉందని వద్దన్నారు. ఆసుపత్రి గేటు దగ్గర ఒకతను బాటిల్‌కు ఆరు వేలు ఇస్తే మనిషిని తెస్తానన్నాడు. ఎవరి రక్తమో ఎక్కిస్తే వాళ్ల జబ్బులు, వాళ్ల బుద్ధులు వస్తాయని ఊళ్లో అంటున్నారు. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తారు. రక్తం ఇస్తే బరువు పని చేయలేరేమోనని నాకు దిగులు. ఏం చేయమంటారు?
— ఒక కోడలు

జవాబు: అమ్మా,

మీరు చివర్లో రాసిన ఆరు వేల మనిషి సంగతి ముందు చూద్దాం. అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీ డబ్బు గురించి కాదు, మీ అత్తయ్య ప్రాణం గురించి చెబుతున్నాను. డబ్బు కోసం రక్తం ఇచ్చే మనిషి తన జబ్బు దాచిపెడతాడు. మూడు నెలలు ఆగవలసినవాడు మూడు వారాలకే ఇంకో పేరుతో ఇంకో చోట చెయ్యి చాపుతాడు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి మన దేశంలో డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం నిషేధం. గేటు దగ్గర నిలబడి బేరమాడేవాడు చేస్తున్నది నేరం. ఆ సంగతి ఆసుపత్రి పెద్దల చెవిన వేయండి.

దీనితో ముడిపడిన మాట ఇంకొకటి ఉంది. మీరు డబ్బు కట్టవలసి వచ్చినా అది రక్తానికి వెల కాదు. సేకరించడానికి, పరీక్షలు చేయడానికి, నిల్వ ఉంచడానికి అయ్యే ఖర్చును మాత్రమే బ్లడ్ బ్యాంకులు తీసుకోవాలి. ఎర్రకణాల ప్యాకెట్‌కు (మీరు బాటిల్ అంటున్నది ఇదే) ప్రభుత్వ కేంద్రాల్లో 1,100 రూపాయలు, ప్రైవేటులో 1,550 రూపాయలు మించకూడదని 2022లో జాతీయ రక్త మార్పిడి మండలి హద్దు పెట్టింది. అదనపు పరీక్షలు చేస్తే వాటికి వేరే రుసుము ఉండవచ్చు. అంతకు మించి అడిగితే రసీదు అడగండి. రసీదు మాట ఎత్తగానే చాలా లెక్కలు సరిగ్గా వస్తాయి.

ఇక మీ అత్తయ్య కన్నీళ్ల దగ్గరికి వస్తాను. ఒంగోలులోనూ నెల్లూరులోనూ బ్లడ్ బ్యాంకుల్లో పాతికేళ్లు పని చేశాను. కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగిన తల్లులను ఎందరినో చూశాను. వాళ్లను ఎన్నడూ మూర్ఖులనుకోలేదు. తన రక్తం పంచి కన్న బిడ్డ నుంచి మళ్లీ రక్తం తీసుకోవడమంటే ఏ తల్లికైనా మనసు ఒప్పదు. పైగా ఈ విషయంలో మీ అత్తయ్య మాటే సరైనది. ఆమె అనుకునే కారణం వేరు, వైద్యం చెప్పే కారణం వేరు, అంతే.

దానం చేసిన రక్తంలో ఎర్రకణాలతో పాటు కొన్ని తెల్లకణాలు కూడా వస్తాయి. పరాయి మనిషి తెల్లకణాలు ఒంట్లోకి వస్తే, మన ఒళ్లు వాటిని పరాయివని గుర్తుపట్టి తుడిచిపెడుతుంది. కన్నబిడ్డవి, తోడబుట్టినవాళ్లవి అలా కాదు. తల్లి ఒంటి గుర్తుల్లో సగం కొడుకులోనూ ఉంటాయి. ఆ పోలిక ఒక్కోసారి ఎలా కుదురుతుందంటే, తల్లి ఒళ్లు ఆ కణాలను తనవేననుకుని వదిలేస్తుంది, ఆ కణాలు మాత్రం తల్లి ఒంటిని పరాయిదిగా చూస్తాయి. అక్కడ కుదురుకుని చర్మం మీద, కాలేయం మీద, పేగుల మీద, చివరికి రక్తం తయారయ్యే ఎముక మజ్జ మీద దాడి చేస్తాయి. ఇది చాలా అరుదు. కానీ వస్తే బతికి బయటపడేవాళ్లు అతి తక్కువ. దగ్గరి రక్తసంబంధీకుల రక్తమే ఎక్కించక తప్పకపోతే ఆ ప్యాకెట్‌కు ముందు రేడియేషన్ ఇచ్చి తెల్లకణాల శక్తి తీసేయాలి. ఆ యంత్రం అన్నిచోట్లా ఉండదు. కాబట్టి కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు నేరుగా ఇవ్వకుండా ఉండటమే మంచిది.

ఈ సందర్భంలోనే మీకు పనికొచ్చే మాట ఒకటి. ఇక ముందు పిల్లలను కనవలసిన భార్యకు భర్త రక్తం ఎక్కించకూడదు. భర్త రక్తకణాల మీద ఉండే గుర్తులకు భార్య ఒళ్లు ఎదురు తిరగడం నేర్చుకుంటే, అవే గుర్తులతో కడుపులో పడే బిడ్డకు తర్వాత ముప్పు రావచ్చు. రేపు మీ కాన్పులో ఎప్పుడైనా రక్తం అవసరమైతే మీ ఆయన ఉత్సాహపడినా సరే, ఈ మాట గుర్తుచేయండి.

అయితే మీ ఆయన ఇంట్లో కూర్చోవాలా? అక్కర్లేదు. ఆయన రావాలి, ఇవ్వాలి. ఆ రక్తం మీ అత్తయ్యకు వెళ్లదు, ఇంకెవరికో వెళ్తుంది. మీ అత్తయ్యకు ఇంకెవరో ఇచ్చినది వస్తుంది. ఆ రెండు బాటిళ్లూ బహుశా మీరు ఈ ఉత్తరం రాసేనాటికే ఏ కాలేజీ శిబిరంలోనో ఎవరో ఇచ్చి వెళ్లినవై, పరీక్షలు పూర్తయి, చల్లని పెట్టెలో ఉండి ఉంటాయి. ఇది చాలామందికి తెలియదు. అవసరం పడిన రోజు పరుగున తెచ్చిన మనిషి రక్తం ఆ గంటలోనే ఎక్కించలేరు. గ్రూపు చూడాలి, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలి, ఎర్రకణాలు వేరు చేయాలి. నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాపాడేది అప్పటికే నిల్వ ఉన్న రక్తమే. బ్లడ్ బ్యాంకు మన ఊరి చెరువు లాంటిది. ఎవరి పొలంలో కురిసిన వాన ఎవరి మడికి పారిందో చెప్పలేం. నీరు ఉన్నప్పుడు నిలబెట్టుకుంటేనే ఎండలప్పుడు పైరు దక్కుతుంది.

ఈ విషయం మీ అత్తయ్యకు అలాగే చెప్పండి. "అత్తయ్యా, ఆయన రక్తం మీకు ఎక్కించరు, డాక్టర్లే వద్దంటారు. హైవే మీద ప్రమాదం జరిగి వచ్చిన పిల్లవాడికో, కాన్పుకు వచ్చిన ఆడపిల్లకో అది పనికొస్తుంది" అనండి. నేను చూసినంతవరకు ఈ మాటకు తల్లులు ఒప్పుకుంటారు.

దాతలను తెస్తేనే రక్తం ఇస్తామని పట్టుబట్టే పద్ధతి మీద కూడా నాకు కోపం ఉంది. 2002 నాటి జాతీయ రక్త విధానం స్వచ్ఛంద దానాన్నే పెంచి, ఇలా రోగి బంధువులను తరిమే పద్ధతిని క్రమంగా మాన్పించాలని చెప్పింది. అవతలివైపు కష్టమూ నాకు తెలుసు. ఎండాకాలంలో కాలేజీలు మూస్తే శిబిరాలు ఆగిపోతాయి. ఎర్రకణాలు గరిష్ఠంగా 42 రోజులు నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. అటు డెంగీ రోజులు, ఇటు ఎండలు. బ్లడ్ బ్యాంకు వాళ్ల చేతులు ఖాళీ అవుతాయి. అందువల్ల మీరు వాదనకు దిగకుండా, మీ ఆయనతో పాటు ఆరోగ్యంగా ఉన్న ఇంకొకరిని తీసుకుని వెళ్లండి. గ్రూపు కలవకపోయినా పర్వాలేదు, వాళ్లిచ్చినది నిల్వలోకి వెళ్తుంది. నెల్లూరులో రెడ్ క్రాస్ బ్లడ్ బ్యాంకు ఉంది, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. ఎక్కడ ఏ గ్రూపు ఎంత ఉందో 'ఈ-రక్త్‌కోష్' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫోనులోనే చూసుకోవచ్చు. వెళ్లేముందు ఫోను చేసి ఖాయం చేసుకోండి.

మీ ఆయన పని గురించిన దిగులు సహజమే. ఆయన బరువు 60 కిలోలనుకుందాం. ఒంట్లో నాలుగు లీటర్లకు పైగా రక్తం ఉంటుంది. తీసేది 350 నుంచి 450 మిల్లీలీటర్లు, అంటే మన స్టీలు గ్లాసు ఒకటిన్నర నుంచి రెండు. పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి వస్తుంది. ఎర్రకణాలు పూర్తిగా తయారవడానికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ లోటు మామూలు పనికి అడ్డు రాదు. కానీ ఆ ఒక్క రోజు మాత్రం మేత బస్తాలు మోయకూడదు, ఎరేటర్లు ఎత్తకూడదు, ఎండలో చెరువు గట్టు మీద నిలబడకూడదు. మర్నాటి నుంచి పనికి వెళ్లవచ్చు. సూది గుచ్చిన చేతితో మాత్రం ఆ పూట బరువు ఎత్తవద్దు, అక్కడ రక్తం గడ్డకట్టి నల్లగా కములుతుంది.

ఎవరు ఇవ్వవచ్చు అంటే, 18 ఏళ్లు నిండి, 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ (మీరు రాసిన పాయింట్లు అవే) 12.5కు తగ్గకుండా ఉన్నవాళ్లు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. బీపీ మాత్రలు వేసుకుంటూ అదుపులో ఉన్నవాళ్లు, షుగరుకు మాత్రలతో సరిపోతున్నవాళ్లు కూడా డాక్టరు చూసి సరేనంటే ఇవ్వవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు ఇవ్వకూడదు. వెళ్లేటప్పుడు ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకూడదు. మన ఊళ్లలో రక్తపరీక్ష అంటే పరగడుపున వెళ్లాలనే అలవాటు ఉంది. దానమిచ్చేటప్పుడు అదే పొరపాటు అవుతుంది. కళ్లు తిరిగి పడిపోయే కుర్రవాళ్లలో ఎక్కువమంది ఏమీ తినకుండా వచ్చినవాళ్లే. ముందురోజు మద్యం ముట్టకూడదు.

బ్లడ్ బ్యాంకులో ఒక కాగితం ఇచ్చి చాలా ప్రశ్నలు అడుగుతారు. కామెర్లు వచ్చాయా, ఈ మధ్య ఏ మందులు వాడారు, భార్య కాక వేరే సంబంధాలు ఉన్నాయా అని కూడా అడుగుతారు. మీ ఆయనకు కోపం రావచ్చు. కోపం తెచ్చుకోకుండా నిజం చెప్పమనండి. పరీక్షలు ఎంత మంచివైనా, ఒంట్లోకి కొత్తగా ప్రవేశించిన సూక్ష్మజీవిని మొదటి రోజుల్లో అవి పట్టుకోలేవు. ఆ వ్యవధిలో రోగిని కాపాడేది దాత చెప్పే నిజం ఒక్కటే. గేటు దగ్గరి మనిషి తెచ్చే రక్తం ఎందుకు భయంకరమో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆ కాగితం మీద డబ్బు కోసం వచ్చినవాడు నిజం రాయడు.

మీ మరిదిని పంపేయడమూ ఇందుకే. పచ్చబొట్టు సూది ఎంతమందికి గుచ్చారో, మధ్యలో ఉడకబెట్టారో లేదో తిరునాళ్లలో ఎవరు చూస్తారు? హెపటైటిస్, హెచ్ఐవీ అలా సోకవచ్చు. అందుకే పచ్చబొట్టు తర్వాత ఏడాది ఆగమంటారు. చెవులు కుట్టించుకున్నా ఇదే నియమం. అతన్ని తప్పుపట్టకండి. ఇంకో ఎనిమిది నెలలకు రమ్మనండి.

ఊళ్లో వాళ్ల మాటకు వస్తే, జబ్బుల భయం న్యాయమైనదే. దానికి పరీక్షలు, దాత నిజాయితీ రెండూ అడ్డుకట్ట. ఇందాక చెప్పిన ఐదు జబ్బుల్లో ఏదైనా కనిపిస్తే ఆ ప్యాకెట్‌ను ఎవరికీ ఇవ్వరు, నాశనం చేస్తారు. బుద్ధులు వస్తాయన్న మాట మాత్రం ఒట్టిది. ఎర్రకణం చేసే పని ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకెళ్లడం. నూట ఇరవై రోజుల లోపు అది అరిగిపోతుంది, దాని స్థానంలో మీ అత్తయ్య ఒళ్లు తన సొంత కణాలనే నింపుకుంటుంది. కొందరు "ఏ కులం వాళ్లదో" అని కూడా అడుగుతారు. రక్తం ప్యాకెట్ మీద గ్రూపు, సేకరించిన తేదీ, గడువు తేదీ, నంబరు, పరీక్షల ఫలితం ఉంటాయి. ఆ చీటీ మీద కులానికి గడి లేదు. నా సర్వీసులో ప్రాణం మీదికి వచ్చిన రాత్రి ఏ ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. కనిగిరి వైపు నుంచి ఒక తండ్రి తలసీమియా ఉన్న కొడుకును మూడు వారాలకోసారి బస్సులో తీసుకొచ్చేవాడు. ఏళ్ల తరబడి ఎంతమంది రక్తం ఆ పిల్లవాడి ఒంట్లో పారిందో లెక్కలేదు. ఆ పిల్లవాడి చిరునవ్వు మాత్రం ఎప్పుడూ వాళ్ల నాన్న చిరునవ్వే.

ఇప్పుడు అసలు జాగ్రత్తలు. రక్తం ఎక్కించేటప్పుడు ప్రాణాంతకమైన తప్పు ఎక్కడ జరుగుతుందో తెలుసా? ఎక్కువగా పేర్ల దగ్గర. పరీక్షకు తీసిన ఒకరి రక్తం సీసా మీద ఇంకొకరి పేరు, ఒకరి ప్యాకెట్ ఇంకొకరి మంచం దగ్గరికి. మీ అత్తయ్య పేరు సుబ్బమ్మో వెంకాయమ్మో అయితే అదే వార్డులో అదే పేరుతో ఇంకో ఇద్దరు ఉంటారు. క్రాస్‌మ్యాచింగ్ కోసం, అంటే దాత రక్తం రోగి రక్తానికి సరిపడుతుందో లేదో చూసే పరీక్ష కోసం రక్తం తీసుకునేటప్పుడు మంచం పక్కనే నిలబడి సీసా మీద పేరు, వయసు, ఆసుపత్రి నంబరు రాయించండి. ప్యాకెట్ తగిలించే ముందు దాని మీది నంబరు, గ్రూపు క్రాస్‌మ్యాచింగ్ కాగితంతో సరిచూడమని నర్సును మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకుంది. మంచి నర్సు విసుక్కోదు, సంతోషిస్తుంది.

బ్లడ్ బ్యాంకు నుంచి ప్యాకెట్ మీరే తేవలసి వస్తే ఐసు పెట్టెలో పెట్టించుకుని తిన్నగా ఆసుపత్రికి రండి. దారిలో టిఫినుకు ఆగకండి. చల్లగా ఉందని వేడినీళ్లలో పెట్టడం, చంకలో పెట్టుకోవడం, ఎండలో ఉంచడం నేను కళ్లారా చూశాను. అలా చేస్తే కణాలు పగిలి రక్తమే విషమవుతుంది. బయటికి తీసిన అరగంటలోపు మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో పూర్తి కావాలి. అంతలో వాడలేకపోతే తిరిగి ఫ్రిజ్‌లో పెట్టి రేపు ఎక్కించుకుందామనుకోకూడదు.

మొదటి పావుగంట మీరు ఫోను పక్కన పెట్టి అత్తయ్య ముఖమే చూస్తూ కూర్చోండి. చలి, వణుకు, జ్వరం, నడుము నొప్పి, ఆయాసం, ఒంటి మీద దద్దుర్లు, గుండెలో దడ. వీటిలో ఏది కనిపించినా వెంటనే నర్సును పిలిచి ఆపించండి. కాసేపట్లో తగ్గుతుందిలే అనుకోవద్దు. ఆ తర్వాత మూత్రం ఎర్రగా, నల్లగా వచ్చినా చెప్పాలి. చాలామందికి ఏమీ కాదు, హాయిగా నిద్రపోతారు. కానీ ఆ పావుగంట మీ కళ్లు అక్కడే ఉండాలి.

ఒక బాటిల్‌కు సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. రెండింటితో మీ అత్తయ్యకు ఎనిమిది, తొమ్మిది మధ్యకు రావచ్చు. 7 కంటే తక్కువ ఉంది, రక్తం ఇంకా పోతూనే ఉంది, కాబట్టి ఎక్కించాలన్న డాక్టరుగారి నిర్ణయం సబబే. అయితే ప్రతి లోటూ రక్తంతోనే పూడ్చనక్కర్లేదు. ఆపరేషన్‌కు కొన్ని వారాల గడువుంటే ఐరన్ ఇంజెక్షన్లు ఇస్తూ, రక్తం పోవడం తగ్గించే మందులు వాడుతూ మిగతాది పెంచవచ్చేమో అడగండి. ఇంకొక ప్రశ్న కూడా అడగండి. నేను మీ ఇంటి మనిషినైతే తప్పకుండా అడుగుతాను. గర్భసంచి తీయక తప్పదా, మందులతోనో వేరే చికిత్సతోనో నెట్టుకురాగలమా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. అన్నీ అవసరమైనవే అని నేను చెప్పలేను. మీ అత్తయ్యది అవసరమైనదే కావచ్చు. అయినా రెండో డాక్టరును అడగడంలో తప్పు లేదు. ఆ వయసులో ఇంతగా రక్తం పోతుంటే గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేశారో లేదో కూడా కనుక్కోండి.

ఆఖరుగా మీ సంగతి. 10.9 ఉందని వెనక్కి పంపినప్పుడు మీరు చిన్నబుచ్చుకుని ఉంటారు. దాన్ని మీకు అందిన కబురుగా తీసుకోండి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లు ఇలా రక్తహీనతతోనే వంట చేస్తున్నారు, కలుపు తీస్తున్నారు, పిల్లలను కంటున్నారు. ఆయాసం వస్తే ఎండ దెబ్బ అనుకుంటారు. మీ ఊరి ఏఎన్ఎం దగ్గర ఐరన్ మాత్రలు ఉచితంగా దొరుకుతాయి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే మానండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మాత్రను నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో వేసుకుంటే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే భయపడవద్దు. నులిపురుగుల మాత్ర వేసి ఎన్నాళ్లయిందో చూసుకోండి. మునగాకు, తోటకూర, చేపలు మీ ఇంట్లో ఎలాగూ ఉంటాయి. వండినవి అందరికీ పెట్టి మిగిలినవి మీరు తినడం కాకుండా, వాళ్లతో పాటే మీ కంచంలోనూ వేసుకోండి. పాయింట్లు సరిపోయిన తర్వాత కూడా మూడు నెలలు మాత్రలు ఆపకండి.

నెల్లూరు బయలుదేరేటప్పుడు అత్తయ్య పాత రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకోండి. అంతకుముందు కాన్పుల్లో కానీ వేరే ఎప్పుడైనా కానీ రక్తం ఎక్కించారా, అప్పుడు ఏమైనా తేడా చేసిందా అని ఆమెను అడిగి డాక్టరుకు తప్పక చెప్పండి. మీ ఆయనను మాత్రం పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తిని, నీళ్లు బాగా తాగి బస్సు ఎక్కమనండి.